యంత్రాన్ని తేలిగ్గా నమ్మని పైలట్: జాన్ యంగ్

జాన్ వాట్స్ యంగ్ అమెరికా నౌకాదళంలో పైలట్‌గా పనిచేసి వ్యోమగామి అయినవాడు. 1965కూ 1983కూ మధ్య ఆరుసార్లు అంతరిక్షానికి వెళ్లాడు. అన్నిసార్లు వెళ్లిన మొదటి మనిషి అతనే. జెమినీ, అపోలో ప్రధాన నౌక, చంద్రుడి మీద దిగే వాహనం, స్పేస్ షటిల్ అనే నాలుగు రకాల వాహనాలను అంతరిక్షంలో నడిపినవాడు మరొకడు లేడు. నాసాలో అతని ఉద్యోగం 42 ఏళ్లు సాగింది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు తెలిసినంతగా లోకానికి ఇతని పేరు తెలియదు. అంతరిక్ష నౌకలు తయారుచేసే ఇంజనీర్లకు మాత్రం బాగా తెలుసు, కొందరికి కాస్త భయం కూడా. యంత్రంలోని లోపం తనంతట తాను బయటపడేదాకా ఆగకుండా, ముందే వెతికి పట్టుకోవాలని అతను వెంటపడేవాడు. ఆ అలవాటు నౌకాదళంలో మొదలైంది.

ఓడ మీద దిగే విద్య

యంగ్ 1930 సెప్టెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో పెరిగాడు. 1952లో జార్జియా టెక్ నుంచి ఏరోనాటికల్ ఇంజనీరింగ్ పట్టా అందుకుని నౌకాదళంలో చేరాడు. వెంటనే విమానం దొరకలేదు. కొరియా యుద్ధకాలంలో ‘లాస్’ అనే డిస్ట్రాయర్ మీద ఫిరంగుల గురిని నియంత్రించే అధికారిగా మొదట పనిచేశాడు. 1953లో వైమానిక శిక్షణకు వెళ్లాడు. ఆ తర్వాత నాలుగేళ్లపాటు 103వ ఫైటర్ స్క్వాడ్రన్‌లో కూగర్, క్రూసేడర్ జెట్‌లను విమానవాహక నౌకల మీది నుంచి నడిపాడు.

నౌకాదళ పైలట్‌కూ మిగతా పైలట్లకూ తేడా అంతా దిగేటప్పుడే తెలుస్తుంది. నేల మీద రన్‌వే పొడవు కిలోమీటర్లలో ఉంటుంది, ఎక్కడికీ కదలదు. ఓడ మీద విమానం ఆగడానికి దొరికే చోటు వంద మీటర్ల లెక్కలో ఉంటుంది. అదీ ముందుకు సాగిపోతూ, అలలకు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చే జెట్ తోక కింద ఒక కొక్కెం వేలాడుతుంది. డెక్కు మీద అడ్డంగా బిగించిన ఉక్కు తాళ్లలో ఏదో ఒకదాన్ని ఆ కొక్కెం పట్టుకోవాలి. పట్టుకుంటే రెండు మూడు సెకన్లలో విమానం ఆగిపోతుంది. అందకపోతే డెక్కు చివర సముద్రమే. అందుకే చక్రాలు డెక్కును తాకగానే పైలట్ ఇంజన్‌ను తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. తాడు చిక్కిందా సరే, చిక్కకపోతే అదే వేగంతో మళ్లీ గాలిలోకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలి.

ఈ పద్ధతిలో ఒక ఆలోచనా విధానం ఇమిడి ఉంది. దిగడం విఫలమవుతుందని ముందే అనుకుని, దానికి సిద్ధమై దిగడం. తొలినాటి అమెరికా వ్యోమగాముల్లో నౌకాదళం వారు ఎక్కువగా కనిపించడానికి ఇదొక్కటే కారణం అనలేం. సైనిక టెస్ట్ పైలట్ల నుంచే ఎంపిక చేయాలన్న తొలి నిబంధన అసలు కారణం. అయినా జాబితా చూస్తే విశేషంగానే ఉంటుంది. అమెరికా నుంచి అంతరిక్షానికి మొదట వెళ్లిన అలన్ షెపర్డ్ నౌకాదళం వాడు. చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ కొరియా యుద్ధంలో నౌకాదళ పైలట్. స్పేస్ షటిల్‌ను మొదటిసారి ఎగరేసిన ఇద్దరూ నౌకాదళం నుంచి వచ్చినవాళ్లే. ఆ ఇద్దరిలో ఒకడు యంగ్.

1959లో అతను మేరీలాండ్ రాష్ట్రంలోని పటక్సెంట్ రివర్ స్థావరంలో నౌకాదళ టెస్ట్ పైలట్ల పాఠశాలలో శిక్షణ పూర్తిచేశాడు. తర్వాత అక్కడి పరీక్షా కేంద్రంలోనే కొత్త ఫాంటమ్ యుద్ధ విమానాన్నీ దాని ఆయుధ వ్యవస్థనూ పరీక్షించే పనిలో పడ్డాడు. టెస్ట్ పైలట్ అంటే సాహసి అని జనం అనుకుంటారు. నిజానికి అతని పనిలో పెద్ద భాగం రాత. విమానం ఏ వేగంలో ఎలా వణికింది, ఏ మీట ఎంత బరువుగా కదిలింది, ఏది మార్చాలి అన్నది అంకెలతో సహా నివేదికగా రాయాలి. యంగ్‌కు ఆ రాత చివరిదాకా వదల్లేదు.

1962లో నౌకాదళం ఫాంటమ్‌తో ఎత్తుకు చేరే వేగంలో ప్రపంచ రికార్డుల కోసం వరసగా ప్రయత్నాలు చేయించింది. వాటిలో రెండు యంగ్ పేరు మీద ఉన్నాయి. ఫిబ్రవరిలో నేల మీది నుంచి 3,000 మీటర్ల ఎత్తుకు 34.52 సెకన్లలో, ఏప్రిల్‌లో 25,000 మీటర్ల ఎత్తుకు 230.44 సెకన్లలో చేరాడు. రెండో అంకె వెనుక కొంత భౌతికశాస్త్రం ఉంది. 25 కిలోమీటర్ల ఎత్తున గాలి చాలా పలచన. ఇంజన్‌కు చాలినంత ప్రాణవాయువు దొరకదు, రెక్కలకు పట్టు దొరకదు. కాబట్టి దట్టమైన గాలిలోనే బాగా వేగం కూడగట్టుకుని, ముక్కు పైకెత్తి, ఆ వేగాన్ని ఎత్తుగా మార్చుకుంటూ పోవాలి. పై అంచుకు చేరేసరికి విమానం విసిరిన రాయి దారిలో పోతూ ఉంటుంది. అంతరిక్ష నౌక ప్రయాణమూ ఆ సూత్రం మీదే సాగుతుంది.

జెమినీ: కక్ష్యలో నడక నేర్చిన రోజులు

1962 సెప్టెంబరులో నాసా రెండో విడత వ్యోమగాములను ప్రకటించింది. తొమ్మిది మంది. వారిలో పీట్ కొన్‌రాడ్, జిమ్ లోవెల్, యంగ్ అప్పటికి నౌకాదళంలో పనిచేస్తున్నవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఈ జట్టులోనే ఉన్నాడు.

ఈ తొమ్మిది మందిలో మొదట అంతరిక్షానికి వెళ్లింది యంగ్. అందులో అదృష్టం పాత్ర కొంత ఉంది. ఇద్దరు మనుషులతో పోయే మొదటి జెమినీ ప్రయాణానికి అలన్ షెపర్డ్‌ను, టామ్ స్టాఫర్డ్‌ను అనుకున్నారు. షెపర్డ్‌కు లోపలి చెవి జబ్బు వచ్చి తల తిరగడం మొదలైంది. అతన్ని పక్కన పెట్టడంతో ఆ అవకాశం గస్ గ్రిస్సమ్‌కూ యంగ్‌కూ వచ్చింది. 1965 మార్చి 23న జెమినీ 3 భూమిని మూడుసార్లు చుట్టి ఐదు గంటల లోపే తిరిగొచ్చింది.

ఆ కొద్ది గంటల్లో జరిగిన ఒక పని అంతరిక్షయాన చరిత్రలో మొదటిది. థ్రస్టర్లు దాదాపు 75 సెకన్లు మండించి, సెకనుకు సుమారు 15 మీటర్ల మేర వేగం మార్చి, మనుషులున్న నౌక తన కక్ష్యను తానే మార్చుకుంది. అంతవరకూ వెళ్లిన మనుషులంతా రాకెట్ ఏ దారిలో వదిలితే ఆ దారిలోనే తిరిగి వచ్చారు. చంద్రుడికి వెళ్లాలంటే దారి మార్చుకోవడం, ఇంకో నౌకను కలుసుకోవడం తప్పనిసరి.

పత్రికలకు మాత్రం ఇంకో సంగతి నచ్చింది. యంగ్ తన సూటు జేబులో ఒక కార్న్‌డ్ బీఫ్ శాండ్‌విచ్ దాచుకుని వెళ్లాడు. కొనిపెట్టింది తోటి వ్యోమగామి వాలీ షిరా. కక్ష్యలో దాన్ని తీసి గ్రిస్సమ్‌కు ఇచ్చాడు. రొట్టె పొడిపొడిగా రాలడం చూసి గ్రిస్సమ్ తిరిగి జేబులో పెట్టేశాడు. బరువు లేని చోట రొట్టె పొడి కింద పడదు, గాలిలో తేలుతూ పరికరాల సందుల్లోకి పోతుంది. అందుకే నాసా భోజనాన్ని ముద్దలుగా, పైన జిలటిన్ పూతతో తయారుచేసేది. సంగతి అమెరికా ప్రతినిధుల సభ కమిటీ దాకా వెళ్లింది. యంగ్‌కు మందలింపు వచ్చింది. తర్వాతి అవకాశాలు మాత్రం ఆగలేదు.

1966 జూలై 18న బయలుదేరిన జెమినీ 10కు యంగ్ కమాండర్, మైకేల్ కాలిన్స్ పైలట్. జెమినీ ప్రయాణాల్లో ఇది చాలా చిక్కైనది. ఒకే యాత్రలో రెండు వేరువేరు అజీనా రాకెట్లను కక్ష్యలో కలుసుకోవాలి. మొదటిది అదే రోజు పైకి పంపినది. రెండోది మార్చిలో జెమినీ 8 కోసం పంపి వదిలేసినది. దాని బ్యాటరీలు ఎప్పుడో అయిపోయాయి.

కక్ష్యలో ఒకరిని వెంబడించి పట్టుకోవడం విమానంలో పట్టుకున్నట్టు కాదు. ఆకాశంలో ముందున్న విమానాన్ని అందుకోవాలంటే ఇంజన్ పెంచితే చాలు. కక్ష్యలో ముందుకు తోసే ఇంజన్ మండిస్తే నౌక పైకక్ష్యకు ఎక్కుతుంది. పైకక్ష్య దారి పొడవు, అక్కడ వేగమూ తక్కువ. ఫలితంగా ముందున్నది ఇంకా దూరమవుతుంది. అందుకోవాలంటే వేగం తగ్గించాలి. తగ్గిస్తే నౌక కిందికి దిగుతుంది, కింద దారి చిన్నది, వేగం ఎక్కువ. గుడిలో ప్రదక్షిణ చేసేటప్పుడు గర్భగుడి గోడను ఆనుకుని నడిచేవాళ్లు, బయటి ప్రాకారం పక్కన నడిచేవాళ్ల కంటే ముందు చుట్టు పూర్తిచేసినట్టే ఇదీ. కింది నుంచి వెంబడించి, సరైన క్షణంలో మళ్లీ ఇంజన్ మండించి, లక్ష్యం ఉన్న ఎత్తుకు ఎక్కాలి. క్షణం తప్పితే సరిదిద్దుకోవడానికి ఇంధనం ఖర్చవుతుంది. అక్కడ ఇంధనం నింపేవాళ్లు ఎవరూ ఉండరు.

యంగ్‌కు సరిగ్గా ఇదే ఎదురైంది. మొదటి అజీనాను చేరే చివరి దశలో నౌక కొద్దిగా పక్కకు తప్పింది. దాన్ని సరిచేసి కలుసుకునేసరికి ఇంధనంలో 60 శాతం అయిపోయింది. అప్పుడు నేల మీది నిపుణులు పథకాన్ని తిరగరాశారు. అజీనాతో కలిపి ఉన్నంతసేపూ అజీనా ఇంధనాన్నే వాడుకోమన్నారు. దాని పెద్ద ఇంజన్‌ను 80 సెకన్లు మండిస్తే రెండు నౌకలూ కలిసి 763 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిశాయి. మనిషి అంతవరకూ అంత ఎత్తుకు పోలేదు. రెండోరోజు కాలిన్స్ మూతలోంచి లేచి నిలబడి నక్షత్రాల ఫొటోలు తీస్తుండగా ఇద్దరికీ కళ్లు మండి నీళ్లు కారాయి. సూట్లలోని గాలిని శుభ్రపరిచే లిథియం హైడ్రాక్సైడ్ వల్ల అయి ఉంటుందని భావించి ఆ పనిని ముందే ముగించారు.

రెండో అజీనా దగ్గర యంగ్ చేతిపని బయటపడింది. అందులో కరెంటు లేదు కాబట్టి రాడార్‌కు జవాబిచ్చే పరికరమూ పనిచేయదు. కళ్లతో చూస్తూనే దగ్గరికి చేరాలి. చేరాక, కాలిన్స్ పొడవైన గొట్టం చివర వేలాడుతూ బయటికి వెళ్లి, అజీనా మీద బిగించి ఉన్న సూక్ష్మ ఉల్కల పరికరాన్ని ఊడదీసుకుని వచ్చాడు. ఆ సేపంతా నౌకను అజీనాకు కొన్ని మీటర్ల దూరంలో నిలిపి ఉంచడం, బయట ఉన్న మనిషి ఏ వైపు ఉన్నాడో చూసుకుంటూ ఆ వైపు థ్రస్టర్ పేలకుండా చూడటం యంగ్ పని.

1967 జనవరి 27న అపోలో 1 నౌకలో నేల మీది పరీక్ష జరుగుతుండగా మంటలు లేచి గ్రిస్సమ్, ఎడ్వర్డ్ వైట్, రోజర్ చాఫీ చనిపోయారు. గ్రిస్సమ్ యంగ్‌కు తొలి సహచరుడు, వైట్ అతని విడత వాడు, చాఫీ నౌకాదళం వాడు. ఆ నౌకలో వైర్లు నాసిరకంగా ఉన్నాయని అందరికీ కనిపిస్తూనే ఉన్నా ఎందుకు గట్టిగా అడగలేదని యంగ్ గ్రిస్సమ్‌ను అంతకు ముందు అడిగాడట. అడిగితే తనను తీసేస్తారని గ్రిస్సమ్ జవాబు. యంగ్ తర్వాతి రోజుల్లో ఈ మాటను గుర్తుచేసుకునేవాడు. అతను ఆ తర్వాత అధికారులకు రాసిన వందలాది మెమోలను చదివేటప్పుడు ఈ సంభాషణను పక్కన పెట్టుకుని చదవడం మంచిది.

రెండుసార్లు చంద్రుడి దాకా

1969 మే నెలలో అపోలో 10 చంద్రుడి మీద దిగడానికి చివరి రిహార్సల్. టామ్ స్టాఫర్డ్, యూజీన్ సెర్నన్ దిగే వాహనంలో చంద్రతలానికి సుమారు 15 కిలోమీటర్ల దాకా వెళ్లి తిరిగొచ్చారు. యంగ్ పైన ప్రధాన నౌకలో ఉండిపోయాడు. చంద్రుడి చుట్టూ ఒంటరిగా తిరిగిన మొదటి మనిషి అతను. నౌక చంద్రుడి అవతలికి పోయినప్పుడల్లా భూమితో రేడియో సంబంధం తెగిపోతుంది. కింద ఉన్నవాళ్లకు ఏదైనా జరిగితే నౌకను కిందికి దించి వాళ్లను అందుకోవడం అతని బాధ్యత. ఆ లెక్కలన్నీ ముందే నేర్చుకుని ఉండాలి. ఆ అవసరం రాలేదు. తిరుగు ప్రయాణంలో వాతావరణంలోకి ప్రవేశించేటప్పుడు నౌక గంటకు 39,897 కిలోమీటర్ల వేగం అందుకుంది. మనుషులు అంత వేగంగా అంతకు ముందు ప్రయాణించలేదు.

అపోలో 13కు యంగ్ ప్రత్యామ్నాయ కమాండర్. దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు హ్యూస్టన్‌లోని నాసా కేంద్రంలో ఉండి, సిబ్బందిని బతికించి వెనక్కి రప్పించే పద్ధతులు తయారుచేసినవారిలో అతనూ ఉన్నాడు.

1972 ఏప్రిల్ 16న అపోలో 16 బయలుదేరింది. యంగ్ కమాండర్, చార్లెస్ డ్యూక్ అతనితో దిగేవాడు, కెన్ మాటింగ్లీ పైన ఉండేవాడు. రాకెట్ లేచేటప్పుడు డ్యూక్ గుండె నిమిషానికి 144 సార్లు కొట్టుకుంది. యంగ్‌ది దాదాపు 70. తన గుండె ముసలిదని, అంతకంటే వేగంగా కొట్టుకోలేదని అతను దీన్ని నవ్వుతో కొట్టిపారేసేవాడు.

చంద్రుడి కక్ష్యలో దిగే వాహనం విడిపోయాక మాటింగ్లీ నౌకలో ఒక లోపం బయటపడింది. పెద్ద ఇంజన్‌ను అటూ ఇటూ తిప్పే వ్యవస్థ రెండు వరసల్లో ఉంటుంది. ఒకటి చెడితే రెండోది. ఆ రెండోది పరీక్షిస్తుంటే వణుకుతోంది. భూమికి తిరిగి రావడానికి ఆ ఇంజనే ఆధారం. నియమం ప్రకారం రెండూ బాగుంటేనే దిగాలి. రెండు నౌకలూ చంద్రుడి చుట్టూ దగ్గరదగ్గరగా తిరుగుతూ వేచి ఉన్నాయి. నేల మీద ఇంజనీర్లు ఆ వణుకును తిరిగి పుట్టించి చూసి, దానితోనైనా ఇంజన్ నమ్మకంగా పనిచేస్తుందని తేల్చడానికి ఆరు గంటలు పట్టింది. అప్పుడు యంగ్, డ్యూక్ దిగారు. అనుకున్న చోటుకు సుమారు 270 మీటర్ల దూరంలో వాహనాన్ని నిలిపారు.

దిగిన చోటు పేరు డెకార్ట్ ఉన్నత భూమి. చంద్రుడి మీద నల్లగా కనిపించే మచ్చలు లావా గడ్డకట్టిన మైదానాలని అపోలో 11 నుంచే తెలిసింది. తెల్లగా మెరిసే ఎత్తైన ప్రాంతాలు ఎలా ఏర్పడ్డాయన్నది తేలలేదు. టెలిస్కోపులోంచీ కక్ష్యలోంచీ తీసిన ఫొటోలు చూసి, డెకార్ట్ ప్రాంతపు గుట్టలు చిక్కని లావా పొంగి గడ్డకట్టినవని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు అనుకున్నారు. ఆ అగ్నిపర్వత శిలలు తేవడానికే యంగ్‌నూ డ్యూక్‌నూ అక్కడికి పంపారు. మూడు రోజుల్లో మూడుసార్లు బయటికి వచ్చి మొత్తం 20 గంటలకు పైగా నడిచారు. బ్యాటరీ బండి మీద దాదాపు 27 కిలోమీటర్లు తిరిగారు. ఎక్కడ సుత్తితో కొట్టినా అనుకున్న లావా శిల దొరకలేదు. దొరికినవన్నీ బ్రెచియాలు. అంటే పాత రాళ్లు దెబ్బకు పగిలి, ఆ ముక్కలూ పొడీ వేడికి మళ్లీ అతుక్కుని ఏర్పడిన రాళ్లు. ఇవి అగ్నిపర్వతం పని కాదు, పైనుంచి పడ్డ భారీ ఉల్కల పని.

ఇద్దరూ అక్కడి నుంచే ఈ మాట హ్యూస్టన్‌కు చెప్పారు. ఇద్దరికీ ఏళ్ల తరబడి రాళ్లు గుర్తుపట్టే శిక్షణ ఇచ్చి ఉండటం వల్ల ఆ మాటకు విలువ వచ్చింది. వాళ్లు తెచ్చిన 95.7 కిలోల శిలలు పరిశోధనశాలలో ఆ సంగతినే రుజువు చేశాయి. చంద్రుడి ఉన్నత భూముల రూపురేఖలు ప్రధానంగా ఉల్కాపాతాల వల్ల ఏర్పడ్డాయని శాస్త్రవేత్తలు తమ లెక్కలు మార్చుకోవలసి వచ్చింది. ఫొటో చూసి చేసిన ఊహను రాయి తప్పని చెప్పిన ఉదాహరణగా గ్రహ భూగర్భశాస్త్రంలో డెకార్ట్‌ను ఇప్పటికీ చెబుతారు. ఆ శిలల్లో 11.7 కిలోల బరువైనది ఒకటుంది. అపోలో యాత్రలు తెచ్చిన వాటిలో అతిపెద్ద రాయి అదే. భూగర్భ బృందానికి నాయకుడైన విలియం మ్యూల్‌బర్గర్ పేరు మీద దానికి ‘బిగ్ మ్యూలీ’ అని పేరు పెట్టారు.

అన్నీ సవ్యంగా సాగలేదు. చంద్రుడి లోపలి నుంచి వచ్చే వేడిని కొలిచే ప్రయోగానికి పరికరాలను డ్యూక్ నేలలోకి దించుతుండగా, యంగ్ కాలు ఒక తీగకు తగిలి అది మొదలంటా తెగిపోయింది. బిగుసుకుపోయిన సూటులో కాళ్ల దగ్గర ఏముందో కనిపించదు, తీగ నేలకు అంటుకుని ఉండకుండా వంకరగా లేచి ఉంటుంది. కారణం ఏదైనా ఆ ప్రయోగం పోయింది. జార్జ్ కారథర్స్ రూపొందించిన అతినీలలోహిత కెమెరా మాత్రం చంద్రుడి మీద నుంచి భూమి బయటి వాతావరణాన్నీ దూరపు నక్షత్రాలనూ ఫొటోలు తీసింది. చంద్రుడి మీద నెలకొల్పిన మొదటి ఖగోళ పరిశీలనశాలగా దాన్ని లెక్కిస్తారు.

అక్కడ తీసిన ఒక ఫొటో బాగా ప్రసిద్ధం. యంగ్ జెండా ముందు గాలిలోకి ఎగిరి సెల్యూట్ చేస్తున్నాడు. సూటుతో, వీపు మీది పెట్టెతో కలిపి భూమి మీద అతని బరువు సుమారు 170 కిలోలు. చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతే కాబట్టి 30 కిలోల లోపు. గాలిలో దాదాపు ఒకటిన్నర సెకన్లు ఉన్నాడని వీడియోలో లెక్కకట్టవచ్చు. అంటే నలభై సెంటీమీటర్లకు పైగా ఎగిరాడన్నమాట. భూమి మీద అంత ఎత్తు ఎగిరితే ముప్పాతిక సెకను కూడా కాకముందే కాళ్లు నేలకు తగులుతాయి.

వాళ్లు చంద్రుడి మీద ఉండగానే స్పేస్ షటిల్‌కు డబ్బు కేటాయించే బడ్జెట్‌ను ప్రతినిధుల సభ ఆమోదించిందని హ్యూస్టన్ నుంచి కబురొచ్చింది. దేశానికి ఆ షటిల్ చాలా అవసరమని యంగ్ చంద్రుడి మీది నుంచే సంతోషం వెలిబుచ్చాడు. దాన్ని తొమ్మిదేళ్ల తర్వాత తానే ఎగరేస్తానని అప్పటికి తెలియదు.

మొదటి షటిల్

1974లో యంగ్ వ్యోమగాముల విభాగానికి అధిపతి అయ్యాడు. 1976లో నౌకాదళం నుంచి కెప్టెన్ హోదాలో పదవీ విరమణ చేసి, నాసాలో పౌర ఉద్యోగిగా కొనసాగాడు.

షటిల్ తొలి ప్రయాణం ఒక రకంగా విచిత్రమైన నిర్ణయం. అంతకు ముందు అమెరికా ఏ కొత్త అంతరిక్ష నౌకనూ మనుషులు లేకుండా ఒకసారైనా పంపి చూడకుండా మనుషులతో పంపలేదు. కొలంబియా అనే ఈ షటిల్‌ను మాత్రం మొదటిసారే మనుషులతో పంపారు. 1981 ఏప్రిల్ 12న యంగ్ కమాండర్‌గా, రాబర్ట్ క్రిపెన్ పైలట్‌గా ఎక్కారు. రెండు రోజుల ముందు ఏప్రిల్ 10న కంప్యూటర్ల మధ్య సమయం సరిపోలక ప్రయోగం వాయిదా పడింది. ఆ కొత్త తేదీ, మనిషి తొలిసారి అంతరిక్షానికి వెళ్లిన యూరీ గగారిన్ ప్రయాణానికి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజు కావడం యాదృచ్ఛికం.

పైకి చేరి సరుకుల గది తలుపులు తెరవగానే, తోక దగ్గరి ఇంజన్ల తొడుగు మీద ఉష్ణ కవచం పలకలు కొన్ని ఊడిపోయి ఉండటం కనిపించింది. తర్వాత లెక్కేస్తే ఊడినవి 16, దెబ్బతిన్నవి 148. అసలు కారణం కింద, ప్రయోగ వేదిక దగ్గర ఉంది. ఘన ఇంధన రాకెట్లు అంటుకోగానే పుట్టిన పీడన తరంగం వేదికకు తగిలి తిరిగి నౌకను కొట్టింది. నౌక వెనుక అడుగున ఉండే పెద్ద రెక్కను అది అనుమతించిన హద్దు కంటే ఎక్కువ వంచింది. ఆ రెక్క నడిపే హైడ్రాలిక్ గొట్టాలు తెగి ఉంటే తిరిగి వచ్చేటప్పుడు నౌకను అదుపు చేయడం చాలా కష్టమయ్యేది. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే, రాకెట్ మీద ఉండగానే సీటుతో సహా బయటికి దూకేవాళ్లమని యంగ్ తర్వాత చెప్పాడు. తర్వాతి ప్రయోగానికి ముందు వేదిక దగ్గర నీళ్లతో ఆ తరంగాన్ని తగ్గించే ఏర్పాటు మార్చారు.

ఏప్రిల్ 14న కొలంబియా కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో ఎండిన సరస్సు నేల మీద దిగింది. షటిల్‌కు దిగేటప్పుడు ఇంజన్ పనిచేసేది కాదు. ప్రయాణికుల విమానం మూడు డిగ్రీల వాలులో దిగితే, షటిల్ దాదాపు ఇరవై డిగ్రీల వాలులో దూసుకొచ్చేది. చివర్లో ముక్కు లేపి గంటకు సుమారు 340 కిలోమీటర్ల వేగంతో నేలను తాకేది. ఓడ మీద నేర్చిన మొదటి సూత్రం ఇక్కడ తలకిందులు. తప్పితే మళ్లీ చుట్టు తిరిగి రావడానికి వీలుండేది కాదు, ఒక్కసారే అవకాశం. ఆ ఒక్క అవకాశం కోసం వ్యోమగాములు షటిల్‌లాగే పడేట్టు మార్చిన గల్ఫ్‌స్ట్రీమ్ విమానంలో ఎన్నోసార్లు అభ్యాసం చేసేవారు.

1983 నవంబరు 28న బయలుదేరిన తొమ్మిదో షటిల్ యాత్ర యంగ్‌కు ఆరోదీ చివరిదీ. ఆరుగురు సిబ్బందితో, ఐరోపా తయారుచేసిన స్పేస్‌ల్యాబ్ ప్రయోగశాలను మోసుకుపోయిన మొదటి యాత్ర అది. సిబ్బంది రెండు జట్లుగా పన్నెండేసి గంటలు పనిచేశారు. దిగడానికి కొన్ని గంటల ముందు, థ్రస్టర్లు పేలిన కుదుపుకు నౌకను నడిపే కంప్యూటర్లలో రెండు వెంటవెంటనే ఆగిపోయాయి. దిగడాన్ని దాదాపు ఎనిమిది గంటలు వాయిదా వేసి, ఒకదాన్ని మళ్లీ నడిపించి దిగారు. దిగేటప్పుడు తోక భాగంలో హైడ్రజీన్ కారి హైడ్రాలిక్ వ్యవస్థను నడిపే రెండు సహాయక శక్తి యూనిట్లకు మంట అంటుకుంది. నేల మీద ఆగాక గానీ అది ఎవరికీ తెలియలేదు.

మెమోలు

హబుల్ టెలిస్కోపును కక్ష్యలో పెట్టే యాత్రకు యంగ్‌ను కమాండర్‌గా నియమించారు. అది 1986లో జరగవలసింది. ఆ ఏడాది జనవరి 28న ఛాలెంజర్ షటిల్ పేలిపోయి ఏడుగురు చనిపోయారు. అతని యాత్ర జరగలేదు.

ప్రమాదానికి కారణం ఘన రాకెట్ కీళ్లలోని రబ్బరు వలయాలు చలికి బిగుసుకుపోయి వేడి వాయువును ఆపలేకపోవడం. అంతకు ముందు యాత్రల్లోనే ఆ వలయాలు కాలిన గుర్తులు ఉన్నా, ఆ సంగతి వ్యోమగాములకు తెలియజేయలేదని బయటపడింది. మార్చిలో యంగ్ ఒక మెమో రాశాడు. ప్రయోగాల సంఖ్య పెంచాలన్న ఒత్తిడి భద్రతను వెనక్కి నెడుతోందని, ఇదొక్కటే కాదు షటిల్‌లో ప్రాణం తీయగల లోపాలు ఇంకా చాలా ఉన్నాయని వాటి జాబితా ఇచ్చాడు. బ్రేకులు, టైర్లు, రన్‌వేలు కూడా అందులో ఉన్నాయి. మెమో పత్రికలకెక్కింది. 1987లో అతన్ని వ్యోమగాముల విభాగాధిపతి పదవి నుంచి తప్పించి, జాన్సన్ స్పేస్ సెంటర్ డైరెక్టర్‌కు ఇంజనీరింగ్, ప్రయాణ నిర్వహణ, భద్రతా విషయాల్లో ప్రత్యేక సహాయకుడిగా వేశారు. ఎంత మర్యాదగా చెప్పినా అది పక్కకు నెట్టడమేనని చాలామంది అనుకున్నారు.

కొత్త కుర్చీలోనూ అతను రాయడం మానలేదు. ఒక మీటకు గార్డు లేకపోవడం దగ్గరనుంచి, దిగేటప్పుడు ఎదురయ్యే గాలివాటం లెక్కల దాకా ఏది అనుమానంగా తోచినా ఒక పేజీ రాసి పంపేవాడు. కొన్నింటిని పట్టించుకున్నారు, కొన్నింటిని లేదు. అతని పేరు మీద చివరిదాకా క్రియాశీల వ్యోమగామి హోదా ఉండింది. నాసా శిక్షణ జెట్‌లను నడుపుతూనే ఉన్నాడు. అన్ని రకాల విమానాల్లోనూ కలిపి అతను గాలిలో గడిపింది 15,000 గంటలకు పైగా, అంతరిక్షంలో 835 గంటలు.

2004 డిసెంబరు 31న నాసా నుంచి పదవీ విరమణ చేశాడు. 2012లో ఆత్మకథ అచ్చయింది. 2018 జనవరి 5న 87 ఏళ్ల వయసులో హ్యూస్టన్‌లో చనిపోయాడు. ఆ నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు తీసుకువెళ్లిన సిగ్నస్ నౌకకు అతని పేరు పెట్టారు.